డాక్టర్ లేని చిన్న నేవీ ఓడలో సిక్ బే (వైద్య గది) బాధ్యత: బయల్దేరేలోపు ఏమేం చూసుకోవాలి?

కొత్తలంగరు:

అన్నలకి నమస్కారం. ఇన్నాళ్లూ ఆసుపత్రి వార్డు డ్యూటీ. ఇప్పుడు చిన్న ఓడకి పోస్టింగ్ వచ్చింది. మనుషులు వంద లోపే, డాక్టర్ ఉండరు, మెడికల్ అసిస్టెంట్‌ని నేనొక్కడినే. త్వరలో పొడుగు సెయిలింగ్ ఉందంటున్నారు. వేడి సముద్రాలు, మధ్యలో ఆఫ్రికా తూర్పు తీరంలో ఒక రేవు. ఇంజెక్షన్, డ్రిప్, డ్రెస్సింగ్ చేతికి అలవాటే. తెలియనివల్లా ఇవి: మందుల లెక్క కాక ఓడ మీద మన కిందికి ఇంకేం వస్తాయి? నీళ్ల ట్యాంకులో క్లోరిన్ ఎంత వేయాలి? యాక్షన్ స్టేషన్స్ (యుద్ధ సన్నద్ధత అలారం) మోగితే ఎక్కడుండాలి? చార్జ్ తీసుకునేటప్పుడు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాతసిక్‌బే:

ముందొక మాట తమ్ముడూ. ఓడ పేరు, తేదీ, రేవు పేరు ఇక్కడ పెట్టకు. ఇప్పటిదాకా రాసింది చాలు, ఎవరడిగినా ఇంక చెప్పకు.

చార్జ్ మందుల బీరువా దగ్గరే మొదలుపెట్టు, కానీ పారాసెటమాల్ లెక్కతో కాదు, రెండు తాళాల వెనకున్న వాటితో. మార్ఫిన్, పెథిడిన్, ఫెంటనిల్, కెటమిన్, డయజెపామ్ లాంటివి ఒక్కో ఆంప్యూల్ చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి, బ్యాచ్ నంబరూ గడువూ రిజిస్టర్‌తో సరిచూసుకో. సీలు వేసిన డబ్బా కదా అని వదలకు. ఆంప్యూల్ మెడ దగ్గర సన్న పగులు, లోపల మందు మట్టం తగ్గడం, ఈ రెండూ డబ్బా విప్పితేనే కనపడతాయి. పక్కన ఒక ఆఫీసరు సాక్షిగా ఉండాలి. రిజిస్టర్ పేజీలకి నంబర్లున్నాయా, కొట్టివేతలకి ఒకే గీత, పక్కన పొట్టి సంతకం ఉన్నాయా చూడు. వైట్‌నర్ కనపడితే అక్కడే ఆగు. ఒక్క ఆంప్యూల్ తేడా వచ్చినా సంతకం పెట్టకుండా, నీ ముందున్నతను గ్యాంగ్‌వే దిగేలోపే ఎక్స్‌ఓకి (ఓడలో రెండో పెద్ద ఆఫీసరుకి) చెప్పు. అతను దిగిపోయాక తేడా నీ ఖాతాలోదే.

మిగతా మందులకి, తిరిగొచ్చే తేదీకి ఇంకో రెండు నెలలు కలిపి, ఆ లోపు గడువు తీరేవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవాళే డిమాండ్ పెట్టు. సముద్రం మధ్యలో గడువు తీరిన అడ్రినలిన్‌ని మార్చిచ్చేవాడు ఉండడు. గడువు దగ్గర పడినవి అరలో ముందుకి, కొత్తవి వెనక్కి.

ఫ్రిజ్ సంగతి చాలామంది పట్టించుకోరు. జెట్టీ కరెంటు నుంచి ఓడ జనరేటర్‌కి మార్చేటప్పుడు బ్రేకర్ పడిపోతుంది, మళ్లీ ఎత్తేవాడుండడు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) వ్యాక్సిన్, ఇన్సులిన్ రాత్రంతా గది వేడిలో ఉండిపోతాయి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ లోపల పెట్టి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి రాసుకో. ఎలక్ట్రికల్ వాళ్లని అడిగి ఆ బ్రేకర్ మీద పేరు రాయించు. వ్యాక్సిన్ వయల్స్ ఫ్రీజర్ గోడకి ఆనించకు. టీడీ గానీ హెపటైటిస్ బీ గానీ ఒక్కసారి గడ్డకడితే చెడినట్టే, కరిగాక చూపుకి బాగానే ఉన్నా పారేయాల్సిందే.

ఆక్సిజన్‌కి సిలిండర్ల లెక్క కాదు, నిమిషాల లెక్క కావాలి. బీ టైప్ సిలిండర్ నీటి కొలత 10 లీటర్లు. గేజ్ 150 బార్ చూపిస్తే 10 × 150, అంటే 1500 లీటర్లు. అడుగున 20 బార్ వదిలేస్తే 1300. మాస్కుకి నిమిషానికి 10 లీటర్లు ఇస్తే 130 నిమిషాలు. పొగ పీల్చినవాళ్లు ఇద్దరుంటే గంటా ఐదు నిమిషాలు! ఇది సీఓకి (ఓడ కెప్టెన్‌కి) కాగితం మీద చూపించు, అదనపు సిలిండర్లు అడిగేటప్పుడు పనికొస్తుంది. వాల్వ్‌కి నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వకు, జిడ్డు చేతులతో తిప్పనివ్వకు. రెగ్యులేటర్ దగ్గర పెట్టే బొడాక్ సీల్స్ నాలుగైదు విడిగా ఉంచుకో. అది పోతే నిండు సిలిండర్ ఉన్నా గ్యాస్ అంతా పక్కనుంచి పోతుంది. స్పానర్ని సిలిండర్‌కే గొలుసుతో కట్టు.

నీటిలెక్క:

అన్న చెప్పినవన్నీ నిజమే కానీ నన్నడిగితే మందుల బీరువా రెండో రోజుకి. మొదటి రోజు ట్యాంకులూ గ్యాలీయే (వంటగది). గాయపడితే ఒకడు పడిపోతాడు, నీళ్లు చెడితే వాచ్ (డ్యూటీ జట్టు) మొత్తం పడిపోతుంది.

నీళ్లు ఎక్కించడం, పంపులు, ట్యాంకులు ఇంజినీరింగ్ వాళ్లవి. తాగడానికి పనికొస్తాయా లేదా చెప్పాల్సింది నువ్వు. జెట్టీ హైడ్రెంట్ తిప్పగానే హోస్ తగిలించనివ్వకు, ముందు కొన్ని నిమిషాలు నేలపాలు కానివ్వు. తాగునీటి హోస్ విడిగా ఉండాలి, రెండు చివర్లకీ మూతలుండాలి, డెక్ మీద పడేయకుండా కొక్కేనికి వేలాడాలి. ఫైర్ మెయిన్ (మంటలార్పే) హోస్‌తో తాగునీళ్లు ఎక్కించడం చూస్తే అక్కడే ఆపు, అందులో ఉండేది సముద్రపు నీళ్లు.

ఇక మోతాదు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ కొత్తగా ఉన్నప్పుడు 33 శాతం దాకా ఉంటుంది. 10 టన్నుల నీటికి 2 పీపీఎం (లీటర్‌కి 2 మిల్లీగ్రాములు) కావాలంటే 20 గ్రాముల క్లోరిన్, అంటే 60 గ్రాముల పౌడర్. అదే 65 శాతం ఉండే కాల్షియం హైపోక్లోరైట్ అయితే 30 గ్రాములు. చిక్కేమిటంటే ఓడ మీద తేమకి డబ్బా తెరిచిన కొన్ని వారాల్లోనే పౌడర్ చప్పబడిపోతుంది. కాబట్టి చేతి లెక్క నమ్మకుండా హారాక్స్ బాక్స్ (ఎంత పౌడర్ కావాలో తేల్చే పరీక్ష పెట్టె) తియ్యి. నల్ల కప్పులో 2 గ్రాముల చెంచా పౌడర్ ముద్దగా కలిపి గీత దాకా నీళ్లు పొయ్యి. ఆరు తెల్ల కప్పుల్లో ట్యాంకు నీళ్లు నింపి, మొదటిదాంట్లో ఆ ద్రావణం ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరు దాకా వేసి కలుపు. అరగంట ఆగి ఒక్కోదాంట్లో మూడేసి చుక్కలు స్టార్చ్ అయొడైడ్ వెయ్యి. నీలం రంగు మొదట ఏ కప్పులో తేలిందో, 455 లీటర్లకి అన్ని చెంచాలు. మూడో కప్పయితే 6 గ్రాములు, అంటే టన్నుకి 13 గ్రాములు. పౌడర్ బలం తగ్గినా ఈ పరీక్షలోనే తేలిపోతుంది, ఎందుకంటే నువ్వు ట్యాంకులో వేసేదీ అదే డబ్బాలోది. ఆరో కప్పు కూడా తెల్లగా ఉంటే పౌడర్ అయినా చచ్చిపోయి ఉండాలి, నీళ్లయినా బాగా మురికి అయ్యుండాలి.

పౌడర్ నేరుగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే పొయ్యి. ట్యాంకు సగం నిండినప్పుడు పోస్తే వచ్చే నీళ్లే కలిపేస్తాయి. అరగంటయ్యాక ట్యాంకులో 0.5 పీపీఎం, అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయిలో 0.2 తగ్గకుండా ఉండాలి. కుళాయి రోజూ మార్చి చూడు. గ్యాలీ ఒక్కచోటే చూస్తే ట్యాంకు పక్కనే కనుక ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

కొత్తలంగరు:

చాలా థాంక్స్ అన్నా. క్లోరోస్కోప్‌లో (రంగును బట్టి క్లోరిన్ చూసే పరికరంలో) ఆర్థోటోలిడిన్ ద్రావణం వేయగానే పసుపు వస్తోంది, కాసేపటికి ఇంకా ముదురుతోంది. ఏది రాసుకోవాలి? ఓడలో ఆర్‌ఓ ప్లాంట్ కూడా ఉంది, ఆ నీళ్లకీ క్లోరిన్ కావాలా?

నీటిలెక్క:

వేసిన పది సెకన్లలోపు వచ్చిన రంగు ఫ్రీ క్లోరిన్. ఆ తర్వాత ముదిరేది మురికితో అతుక్కుపోయిన క్లోరిన్, అది క్రిముల్ని చంపే పని పెద్దగా చేయదు. కాబట్టి మొదటి రంగే రాసుకో. ఆర్థోటోలిడిన్ ఒంటికి మంచిది కాదు, చేతికి తగలనివ్వకు. అదే పరీక్షకి డీపీడీ మాత్రలు దొరికితే వాటికి మారిపో.

ఆర్‌ఓ నీళ్లకి తప్పక కావాలి. మెంబ్రేన్ దాటి వచ్చినవి శుభ్రమే, కానీ చేరేది పాత ట్యాంకులోకీ పాత పైపుల్లోకీ. రేవులో ఉన్నప్పుడు, తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు ఆర్‌ఓ నడపొద్దని ఇంజినీరింగ్ వాళ్లతో మాట తీసుకో. అక్కడి నీళ్లలో ఆయిలూ మురుగూ ఉంటాయి. ఆయిల్‌కి మెంబ్రేన్ పాడవుతుంది, తర్వాత సముద్రం మధ్యలో నీళ్లుండవు.

బయల్దేరేలోపు స్టేషన్ హెల్త్ ఆర్గనైజేషన్‌కి (ఒడ్డున ఉండే ఆరోగ్య విభాగానికి) ఒక నీళ్ల శాంపిల్ పంపు. సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి, లేకపోతే దారిలోనే క్లోరిన్ మిగిలిన క్రిముల్ని చంపేసి నీళ్లు మంచివన్నట్టు రిపోర్టు వస్తుంది. కుళాయి మూతిని కాల్చి, రెండు నిమిషాలు వదిలి, సీసా నిండా కాకుండా పట్టి, ఐస్ మీద ఆరు గంటల్లో ల్యాబ్‌కి చేర్చు. సముద్రంలో హెచ్‌టూఎస్ సీసాలు వాడుకో, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే నీళ్లు అనుమానమే.

గ్యాలీకి రెండే మాటలు. అట్టపెట్టెలు జెట్టీ మీదే విప్పించు, బొద్దింక గుడ్లు ఓడెక్కేది ఆ అట్ట మడతల్లోనే. ఇక అన్నం. మధ్యాహ్నం మిగిలింది పెద్ద డేగిసాలోనే ఉంచి రాత్రికి ఫ్రైడ్ రైస్ చేసే అలవాటు మాన్పించు. బాసిల్లస్ సీరియస్ వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వేడివి 60 పైన, చల్లవి 5 లోపు. వంటవాళ్ల చేతులు రోజూ చూడు, వేలు తెగి చీము పట్టినవాణ్ణి నయమయ్యేదాకా వంట నుంచి తప్పించు.

డాల్ఫిన్‌నోస్:

ఇద్దరూ సామాన్ల గురించే చెప్పారు. మనుషుల కాగితాలకి టైమ్ పడుతుంది, కాబట్టి నిజానికి అవే ముందు మొదలవ్వాలి.

ఎల్లో ఫీవర్ చూడు. ఆఫ్రికా తూర్పు తీరంలో కెన్యా లాంటి దేశాలు ఆ జబ్బు ముప్పున్న దేశాల జాబితాలో ఉన్నాయి. టీకా వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుబాటు, పాత సర్టిఫికెట్లకీ వర్తిస్తుంది. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. ఒక వయల్ తెరిస్తే పదిమందికి సరిపోతుంది, కొన్ని గంటల్లో వాడేయాలి, అందుకే రోజులు పెట్టుకుని వేస్తారు. బయల్దేరే వారం ముందు పరిగెత్తితే కుదరదు. సర్టిఫికెట్ లేకుండా అక్కడ దిగివచ్చినవాణ్ణి మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. గుడ్డు అంటే తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్లని ముందే వేరు చేసి డాక్టర్‌కి చూపించు. హెపటైటిస్ బీ 0, 1, 6 నెలలు కాబట్టి పూర్తవదు, ఉన్న టైమ్‌లో ఎన్ని పడితే అన్ని వేయించి మిగతాది రిజిస్టర్‌లో గుర్తుపెట్టు.

మలేరియాకి డాక్సీసైక్లిన్ రోజూ 100 మిల్లీగ్రాములు, చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వదిలాక నాలుగు వారాలు. ఒక్కొక్కరికి 28 మాత్రలు రేవు వదిలిన తర్వాతే పోతాయని మర్చిపోయి స్టాకు లెక్కేస్తారు, సగం దారిలో అయిపోతాయి. గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునో నిలబడో మింగించు. రాత్రి వాచ్ దిగి గుక్క నీళ్లతో మింగి బంక్ ఎక్కితే అన్నవాహికలో పుండు పడుతుంది. డెక్ మీద పనిచేసేవాళ్లకి ఎండ మంట ఎక్కువవుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోమను. మెఫ్లోక్విన్ వారానికొకటే అని సులువుగా కనిపిస్తుంది కానీ తల తిప్పుతుంది, మనసు మీద కూడా పనిచేస్తుంది. డైవర్లకీ హెలికాప్టర్ సిబ్బందికీ వద్దు.

పళ్లు అందరూ మర్చిపోతారు. ఓడ దారి మళ్లించాలా అని సీఓ ఆలోచించే జబ్బుల్లో పంటి చీము ఒకటి. అందరి దంత పరీక్ష బేస్ ఆసుపత్రిలో, విశాఖలో అయితే నేవీ ఆసుపత్రి కల్యాణిలో, ఇప్పుడే చేయించు. పుచ్చు లోతుగా ఉన్నవాళ్ల పేర్లు డివిజనల్ ఆఫీసర్లకి ఇవ్వు, లేకపోతే పని ఒత్తిడిలో వాళ్లని వదలరు. ఎల్ఎంసీలో (జబ్బు వల్ల తక్కువ మెడికల్ కేటగిరీలో) ఉన్నవాళ్ల రివ్యూ తేదీ సెయిలింగ్ మధ్యలో పడుతోందా చూడు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ల దగ్గర తిరిగొచ్చేదాకా సరిపడా ఉన్నాయా, వాళ్ల మాట మీద కాదు, స్ట్రిప్పులు లెక్కపెట్టి చూడు.

స్ట్రెచర్‌పార్టీ:

యాక్షన్ స్టేషన్స్ గురించి అడిగావు, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

నువ్వొక్కడివే కనుక నువ్వు ఒక ఫస్ట్ ఎయిడ్ పోస్ట్‌లో, నువ్వు నేర్పిన మనిషి రెండోదాంట్లో. ఒకటి ముందు భాగంలో, ఒకటి వెనక. దెబ్బ ఒక్కచోటే తగిలినా మందులూ మనుషులూ అంతా పోకూడదని ఆ ఏర్పాటు. సిక్ బే బీరువా అందంగా నింపుకుని వెనక పోస్ట్‌లో రెండు పట్టీలు పెట్టేవాళ్లుంటారు. అది సర్దుబాటు కాదు, ఇన్‌స్పెక్షన్ కోసం అలంకారం. ప్రాణం నిలిపే సామాను సగానికి సగం విడగొట్టు: టూర్నికెట్ (రక్తం ఆపే బిగింపు పట్టీ), ప్రెషర్ డ్రెస్సింగ్, ఎయిర్‌వేలు, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించేది), ఐవీ సెట్లు, రింగర్ లాక్టేట్ (డ్రిప్ ద్రవం). నొప్పి మందు విషయం సీఓ లిఖిత ఆదేశం ప్రకారం.

కరెంటు పోయిందనుకునే సర్దుకో. కాలితో తొక్కే సక్షన్, తలకి కట్టుకునే లైట్లు, విడి బ్యాటరీలు. ఓడ వాలుతుంది కాబట్టి టేబుల్ మీద ఏదీ విడిగా ఉండకూడదు.

రింగర్ లాక్టేట్ ఎన్ని సీసాలు అంటే లెక్క ఇదీ. ఓడలో ఎక్కువగా భయపడాల్సింది కాలిన గాయాలకే. 70 కిలోల మనిషికి ఒళ్లు 30 శాతం కాలితే, పాత పార్క్‌లాండ్ లెక్కన (కిలోకి, కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్లు) 4 × 70 × 30, అంటే 8400 మిల్లీలీటర్లు మొదటి 24 గంటల్లో. అందులో సగం మొదటి 8 గంటల్లో, గంటకి 525. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, నువ్వు సూది పెట్టినప్పటి నుంచి కాదు. ఇప్పుడు పెద్దవాళ్లకి 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి మూత్రం చూస్తూ పెంచమంటున్నారు, గంటకి కిలోకి అర మిల్లీలీటర్ రావాలి. మోతాదుకి అది పాటించు, స్టాకుకి మాత్రం 4 లెక్కే వేసుకో. ఒక్క మనిషికి ఒక్క రోజుకి 500 మిల్లీలీటర్ల సీసాలు 17. ఇద్దరికి 34. చాలా చిన్న ఓడల్లో పరిస్థితి ఏమిటో నువ్వే వెళ్లి లెక్కపెట్టు.

పొగ పీల్చి బయటికొచ్చినవాడి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 98 చూపిస్తుంది. నమ్మకు. కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే చదువుతుంది. తలనొప్పి, తికమక, ముక్కులో మసి ఉంటే రీడింగ్ ఎంతున్నా పూర్తి ఆక్సిజన్ ఇవ్వు, గొంతు బొంగురుపోతుంటే వెంటనే సిగ్నల్ పంపు. మూసి ఉన్న గదిలో ఎవరైనా పడిపోతే బీఏ సెట్ (ఊపిరి పరికరం) లేకుండా నువ్వు లోపలికి దూకకు. నువ్వు పడితే ఓడకి మెడికల్ లేదు.

నీల్ రాబర్ట్‌సన్ స్ట్రెచర్ (మనిషిని చుట్టి కట్టి పైకి లాగేది) విప్పి కాన్వాస్ కుట్లు, పట్టీలు, తాళ్లు గుంజి చూడు. ఉప్పు గాలికి కుట్లే ముందు పోతాయి. డ్రిల్ బొమ్మతో కాదు, బరువైన మనిషినే కట్టి, ఇంజిన్ రూమ్ ఎస్కేప్ హాచ్ లోంచి పైకి లాగించు. కాళ్ల దగ్గర గైడ్ తాడు పట్టేవాడు లేకపోతే మనిషి నిచ్చెన మెట్లకి గుద్దుకుంటాడు. స్ట్రెచర్ పార్టీ చాలా ఓడల్లో కుక్‌లు, స్టూవర్డ్‌లే. వాళ్లకి వారానికి ఇరవై నిమిషాలు చాలు: ఒక వారం చీకట్లో టూర్నికెట్, ఒక వారం అంబు బ్యాగ్, ఒక వారం స్ట్రెచర్. టూర్నికెట్ బిగించిన టైమ్ నుదుటి మీద మార్కర్‌తో రాయించు, అరచేతి మీద రాసింది రక్తానికి చెరిగిపోతుంది.

కొత్తలంగరు:

రింగర్ లాక్టేట్ లెక్కపెట్టాను. ఇద్దరికి కాదు కదా, ఒక్కడికీ రోజు గడవదు. డిమాండ్ రాస్తున్నాను. చివరిగా రెండు: ఇంజిన్ రూమ్ వేడి, హెలికాప్టర్‌లో పంపడం.

డాల్ఫిన్‌నోస్:

వేడికి: థర్మామీటర్ ఒక్కటే చూస్తే మోసపోతావు, తేమ కూడా కలిసిన డబ్ల్యూబీజీటీ అనే వేడి సూచి చూడు. లోపలి గదులకి తడి బల్బు రీడింగ్‌లో 0.7 వంతు, గ్లోబ్ (నల్ల గోళం థర్మామీటర్) రీడింగ్‌లో 0.3 వంతు కలిపితే వస్తుంది. వాచ్ ఎంతసేపు ఉండాలో ఇంజినీర్ ఆఫీసర్‌తో కలిసి ఆ అంకెని బట్టి తేల్చండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటర్‌ది లీటర్‌లోనే కలపాలి, రుచి కోసం చిక్కగా కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది. తికమకగా మాట్లాడుతూ లోపలి ఉష్ణోగ్రత 40 దాటితే హీట్ స్ట్రోక్. చంకలో పెట్టిన థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, మలద్వారంలోనే చూడాలి. పైకి తేవడానికి ముందే చల్లబరచడం మొదలుపెట్టు: బట్టలు తీసి, నీళ్లు పోసి, ఫ్యాన్, గ్యాలీ ఐస్. 39కి దిగాక ఆపు. పారాసెటమాల్ పనిచేయదు.

స్ట్రెచర్‌పార్టీ:

హెలికాప్టర్‌కి: సిగ్నల్ ఆలస్యం చేయకు. కుడి పొత్తికడుపు నొప్పి, జ్వరం, వాంతులు కలిసి కనపడితే నోటికి ఏమీ ఇవ్వకుండా డ్రిప్ పెట్టి, రేడియోలో డాక్టర్ చెప్పిన యాంటీబయాటిక్ మొదలుపెట్టి, అదే గంటలో సీఓకి చెప్పు. సాయంత్రం దాకా చూద్దాం అంటే హెలికాప్టర్ అందే దూరం దాటిపోవచ్చు. సిగ్నల్‌లో వయసు, ఎప్పుడు మొదలైంది, నాడి, బీపీ, శ్వాస, ఉష్ణోగ్రత, ఇచ్చిన మందులు టైమ్‌తో సహా, మనిషి కూర్చోగలడా పడుకోబెట్టే పంపాలా అన్నది ఉండాలి. చివరిది లేకపోతే పైలట్‌కి ఏ ఏర్పాటుతో రావాలో తెలియదు.

పంపేముందు ఐవీకి రెండు చోట్ల ప్లాస్టర్, దుప్పటి అంచులు లోపలికి మడిచి కట్టు, టోపీలు తీయించు, కళ్లకి గాగుల్స్, చెవులకి రక్షణ. గాలి స్ప్లింట్ ఉంటే ఎత్తుకి వెళ్లేకొద్దీ బిగుస్తుంది, మామూలు స్ప్లింట్‌కి మార్చు. హెలికాప్టర్ నుంచి దిగే కొక్కేన్ని డెక్‌కి తగిలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, స్టాటిక్ కరెంటు గట్టిగానే కొడుతుంది. కొక్కేన్నీ తాడునీ ఓడకి దేనికీ కట్టొద్దు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఛాతీ పట్టీ కింద దూర్చు, చేతికిస్తే గాలికి పోతాయి.